కిటికీ వెలుగులో రెండంకె

కరోనా తగ్గిన మరుసటేడు, దసరా వెళ్లిన సోమవారం, కంచరపాలెంలో సత్యంగారి పాత నాణేల షాపులో నన్ను చూపు బల్ల దగ్గర కూర్చోబెట్టేరు. అంతకుముందు మొదట తుడుపు, ఆనక బిళ్లలు ఏరుడు. మా ఆయన పోయేక చేరిన పని. చూపు బల్లంటే పెద్ద మెట్టే. నాను భూతద్దంతో చూసి ఔనంటే సత్యంగారు చీటీ రాసి ముద్ర వేస్తారు. ఆ చీటీని నమ్మే కొనేవోళ్లు కొంటారు.

నాకు సదువు రాదు. నాను చెప్తన్నాను, మా మేనకోడలు రాస్తంది. సదువు రాకపోడం ఆ పనికి మంచిదే అయ్యింది. సదివేవోడికి బిళ్ల మీద మాట కనబడతాది, నాకు గీత కనబడతాది.

నాణేన్ని కొట్టే ఉక్కు అచ్చుని డై అంటారు. ఆ డై తయారీలోనే బొమ్మ రెండుసార్లు పడి, రెండోది ఇసుమంత జరిగితే, దాంతో కొట్టిన బిళ్లలన్నిటికీ అదే జంట గీత వస్తాది. అది డబుల్ డై, దానికే రేటు. డై బాగానే ఉండి, కొట్టేటప్పుడు మిషను అదిరినా రెండు గీతలు కనబడతాయి గానీ దాన్నెవడూ అడగడు. అసలుదైతే రెండో గీత కూడా పొలం గట్టులా గుండ్రంగా లేస్తాది. అదురుదైతే మెట్టులా చదును. ఆ తేడా తెలియాలంటే వెలుగు ఒక్క పక్కనించే పడాల. అందుకే నా బల్ల కిటికీ పక్కనేసేరు.

అదే వారం గురువారం ముసురు పట్టింది. గాజువాక నించి అప్పలరాజని, ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడిపి రిటైరైన ఆయన, రెండు రూపాయల బిళ్ల అమ్ముదామని తెచ్చేడు. కిటికీ చీకటిగా ఉందని రెండు ట్యూబులైట్లూ వేసి చూసేను. రెండంకె పక్కన తోడు గీత లావుగా కనబడింది. డబుల్ డైయే అనీసేను. సత్యంగారు చీటీ రాసి, వాట్సాప్‌లో కొనేవోళ్లకి ఫొటో పంపేరు. బెజవాడాయన ఒకడు మర్నాడు మధ్యాన్నం రైలుకి వస్తానన్నాడు.

"నీ నోట్లో పంచదార పొయ్యా! ఈ బిళ్లని సూసి నవ్వినోళ్లందరికీ ఇయాల సెప్తాను," అని, బిళ్ల షాపులోనే ఉంచి అప్పలరాజు వెళ్లేడు.

మర్నాడు పొద్దున్న ఎండ కాసింది. కొత్త కవరులో పెడదామని బిళ్ల తీసి, ఊరికే కిటికీకేసి వంచేను. మెట్టు. నాలుగు పక్కలా తిప్పేను. మెట్టే. నిన్న రెండు లైట్ల రెండు నీడలూ కలిసి దాన్ని గట్టు చేసేసేయి. చెప్పకపోతే? వచ్చేవోడూ భూతద్దం తెస్తాడు, ముద్ర సత్యంగారిది. చెప్తే మళ్లీ చీపురు.

సత్యంగారు రాగానే చెప్పీసేను.

"నిన్న ఔనన్నావు గదప్పా! ఆయన రైలెక్కీసేడు. ఇప్పుడేటి సెప్పమంటావ్?"

ఆయనా అద్దం పెట్టి చూసేరు. "నాకు గట్టులాగే ఉందే," అన్నారు. అలాగే ఉండాలని ఆయనకి. ఒక్క క్షణం నాకూ అలాగే అనిపించింది. లేచి ట్యూబులైట్లు రెండూ ఆర్పీసి, కిటికీ దగ్గర చూడమన్నాను. చాలాసేపు చూసేరు. ఫోను తీసి బెజవాడాయనకి చెప్పేరు. అప్పటికే రైలు అనకాపల్లి దాటి మన ఊరి దగ్గరకొచ్చీసింది.

బెజవాడాయన వచ్చి, చూసి, మెట్టేనని చెప్పి, చీటీ చింపించి వెళ్లిపోయేడు. సాయంత్రం అప్పలరాజు వచ్చేడు.

"నీకు కళ్లు లేంది నిన్ననా, ఇయాలా?"

"నిన్న లేవు బాబూ," అన్నాను.

బిళ్ల లాక్కుని వెళ్లేడు. ఇంకో షాపువోళ్లు దాన్ని డబుల్ డై అనే అమ్మేరని ఆనక విన్నాను. నిజమో కాదో తెలీదు.

చీపురు మళ్లీ ఇవ్వలేదు గానీ, నెల్లాళ్లు నాను చూసిందల్లా సత్యంగారు మళ్లీ చూసేవారు. చూసిన రోజే చీటీ రాయడం ఆ షాపులో ఆపీసేరు. మోకాళ్లు పట్టేసి పని మానేదాకా, ముసురు రోజున నాను ఔననలేదు, కాదనీ అనలేదు. బిళ్లని కవరులో పెట్టి ఎండొచ్చేదాకా ఉంచేదాన్ని.