తొట్టి చక్రం పిన్ను

యుద్ధంలో తిరిగిన పాత మోటారు సైకిలొకటి మా నాయన మద్రాసు వేలంలో కొన్నాడు. గూడ్సు రైల్లో ఎర్రగుంట్ల స్టేషనుకు వచ్చింది, అక్కడినుంచి ఎద్దుల బండి మీద మా ఊరికి. ఇంజను కదలదు. పక్కన మనిషి కూర్చునే తొట్టి ఉంది గాని దాని చక్రం సొట్టలు పోయింది. ఇంట్లో గుర్రం ఉండగా ఇదెందుకని అమ్మ సణిగింది. "సరదాకే" అన్నాడు నాయన. ఆయనకు ఉన్న సరదా అదొక్కటే.

బాగు చేసే పని నామీద పడింది. కాలేజీ చదువు సగంలో మానేసి ఇంట్లో కూర్చున్నాను మరి. చేసింది మాత్రం మా అక్క. పెళ్లయిన రెండో ఏడే బావ విషజ్వరంతో పోతే పుట్టింటికి వచ్చేసింది. పగలంతా వెనక కొట్టంలోనే ఉండేది, అక్కడికి ఎవరూ రారు గనక. కార్బురేటరు విప్పి కిరసనాయిలులో కడగడం, చక్రంలో ఒక్కో చువ్వనూ వేలితో మీటి ఏది వదులో చెప్పడం ఆమె వంతు. వేరే బండి చక్రం తెచ్చి తొట్టికి బిగించాక కూడా మోటారు సైకిలు ఎడమకే లాగేది. నేను విసిగిపోయి స్పానరు విసిరికొట్టాను. అక్క నూలుదారం తెచ్చి చక్రాల పక్కన సాగదీసి చూసింది.

"రేయ్, తొట్టి చక్రం ముందుపక్క ఒక వేలు మందం లోపలికి తిప్పు. నేరుగా ఉంటే లాగుతాది" అంది.

తిప్పాను. బండి దారిన పడింది.

"అంతా నువ్వే చేసినావని చెప్పుకో, నాకేం" అంది అక్క. "నన్ను ఒక్కసారి తొట్టిలో కూర్చోబెట్టుకోని పెన్న ఇసుక దాకా పోయి రా. అంతే."

సరేనని మాటిచ్చాను.

శుక్రవారం పూజ. చుట్టాలొచ్చారు, టెంకాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తొలి ప్రయాణానికి భర్త పోయిన ఆడది ఎదురు రాకూడదు గనక అక్కను కొట్టంలోనే ఉండమన్నారు. అన్నది అమ్మే. నాయన కొత్త తలగుడ్డ చుట్టుకుని తొట్టిలో కూర్చున్నాడు. నేను కిక్కు కొట్టాను.

అంతలో అక్క పరుగెత్తుకుంటూ వచ్చి బండికి అడ్డంగా నిలబడింది. నాయన ముఖం మాడిపోయింది.

"ఏందమ్మా, నేను బయల్దేరేటప్పుడే ఎదురు రావాల్నా?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరాలి కదా, అమ్మ ఆయన్ను లోపలికి తీసుకుపోయింది. అక్క నా చేతిలో ఒక పిన్ను పెట్టి కొట్టంలోకి వెళ్లిపోయింది.

అది తొట్టి చక్రం నట్టు ఊడకుండా తొడిగే పిన్ను. పొద్దున గ్రీజు పెట్టి చక్రం బిగించింది నేనే. పిన్ను కిరసనాయిలు పళ్లెంలోనే మరిచిపోయాను. చూస్తే, కొట్టంనుంచి వాకిట్లోకి తోసుకొచ్చేసరికే నట్టు వదులై వేళ్లతో తిరుగుతోంది. ఊరి పొలిమేర దాటకముందే చక్రం ఊడిపోయేది, నాయన తల రాళ్లకు తగిలేది. నట్టు బిగించి పిన్ను తొడుగుతుండగా నాయన బయటికి వచ్చాడు.

"ఏం చేస్తాండావురా?"

"ఏం లేదు నాయనా. మన్ను తుడుస్తాండా."

నా నోరు పడిపోను, అంత జనం ముందు నా తప్పు ఒప్పుకోలేక అన్న మాట అది.

క్షేమంగా పోయి వచ్చాం. నాయన అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు: "నీళ్లు తాగి, కూర్చోని పోతిమి గనక సరిపోయింది. ల్యాకుంటే ఏమయ్యేదో." అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

సాయంత్రం కొట్టంలోకి వెళ్లాను. అక్క సబ్బుతో చేతుల నూనె వదిలించుకుంటోంది.

"రేపు నాయన కడపకు పోతాడంట. మనం పెన్నకు పోదాం అక్కా" అన్నాను.

"వద్దులేరా. నేనెక్కినానని తెలిస్తే నాయన ఇంక దాంట్లో కూర్చోడు. పాపం, శానా మురిసిపోతాండాడు."

అన్నట్టే, బతికున్నన్నాళ్లూ ఆమె ఆ తొట్టిలో కూర్చోలేదు. ఆ సాయంత్రమైనా పది అడుగులు వేసి, నాయనా, నిన్ను కాపాడింది అక్క, పిన్ను మరిచిన గాడిదను నేను అని చెప్పి ఉండొచ్చు. అమ్మ అన్నానికి పిలిచింది. వెళ్లి నాయన పక్కన పీట మీద కూర్చుని కడుపునిండా తిన్నాను.