మైకు సెట్టాయన సొంత గొంతు

మా పక్కింటాయన్ని ఊళ్ళో అందరూ మైకు సెట్టాయన అంటారు. నన్ను వదినా అని పిలుస్తాడు కాబట్టి నాకు మరిది. వాళ్ళింటి సంగతులు నీకెలా తెలుసని మాత్రం అడగకండి. రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒకటే గోడ, పైగా నాకు చెవులు బాగా పనిచేస్తాయి.

వాళ్ళ ముందుగదిలో కాలు పెట్టాలంటే వైరు చుట్టలు దాటుకుంటూ వెళ్ళాలి. గోడలకు హారన్లు, మూలన ఆంప్లిఫయరు, మంచం కింద స్టాండ్లు. ఊరంతా మోగించే సరంజామా పెట్టుకున్న మనిషికి గొంతు మాత్రం పిట్టంత. కూర ఇంకాస్త వెయ్యనా అని భార్య అడిగితే, ఆయన వద్దన్న మాట వంటగది దాకా చేరదు. ఆవిడ గరిటెతో సహా బయటికొచ్చి, "మీకూ ఒక హారన్ తగిలిస్తే గానీ ఈ కాపురం సాగదు" అంటుంది.

ఆయనకొక పట్టింపు ఉంది. మైకు కట్టినవాడు మైకులో మాట్లాడకూడదు. సరిచూసుకోవడానికైనా హలో అనడు. గోటితో టకటకా కొట్టి, చివరి వరుస దాకా నడిచి వెళ్ళి చెవి ఒగ్గి వింటాడు. ఎందుకయ్యా ఇంత నిష్ఠ అని ఒకసారి ఆరా తీశాను.

"అందరి గొంతూ నా చేతిలో ఉంటుంది వదినా. అందులో నాదీ కలిపాననుకో, రేపు అవతలివాడు నన్ను నమ్మి పిలుస్తాడా?" అన్నాడు.

పిలిచేవారు. ఒకరి మొహం ఒకరు చూసుకోని పార్టీలవాళ్ళు కూడా ఎన్నికలొస్తే ఆయన గుమ్మంలోనే ఎదురుపడేవారు.

అలా ఊరందరి గొంతూ వినిపించి కూడబెట్టుకున్నదే కాలవ పక్కనున్న కూరగాయల పొలం. కొన్నప్పుడది ముళ్ళపొదల దిబ్బ. భార్యాభర్తలిద్దరూ కంప నరికి, రాళ్ళేరి, కాలవ నీళ్ళు మళ్ళించి బెండ, చిక్కుడు, టమాటా పండించారు. ఆయన మైకుల వెంట తిరుగుతుంటే, పొలాన్ని నిలబెట్టింది ఆవిడే.

చివరికి ఆ పొలం మీదికే వచ్చింది గొడవ. ఊరి ఆఫీసు గోడకు, ఏ నేల దేనికో రంగుల్లో చూపే కొత్త పటం అతికించారని తెలియగానే అందరికంటే ముందు పరిగెత్తింది నేనే. ఎప్పుడూ పచ్చరంగులో ఉండే కాలవ పొలాలకు ఊదారంగు పూసేశారు. ఊదా అంటే ఫ్యాక్టరీలట! పక్కింటావిడకు ఆ మాట చెప్పేసరికి, ఆవిడ తడిచేతులతోనే కూలబడిపోయింది.

జనం అభిప్రాయం తెలుసుకోవడానికి ఆఫీసరొచ్చి సభ పెట్టాడు. మైకు కట్టింది ఎవరో వేరే చెప్పాలా? హాలు కిటకిటలాడిపోయింది. నేనూ ఆవిడా ఆంప్లిఫయరు పక్కనే కూర్చున్నాం.

ఫ్యాక్టరీ రావాలన్నవాళ్ళ తరఫున ఇటుకల బట్టీ ఆసామి లేచాడు. "మా అబ్బాయి చీకటితో బస్సెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇంటికొస్తాడు. వాడి కూతురు వాణ్ణి చూసి చుట్టమొచ్చాడనుకుంటోంది! పని ఊళ్ళోనే దొరికితే తప్పా?" అన్నాడు. అన్యాయమైన మాటేం కాదది.

అంతలో మైకు గరగరమని నోరు మూసింది. పొలాలు పోకూడదన్న మావాళ్ళు ఒకటే చప్పట్లు, "అయిపోయింది, కూర్చోవయ్యా" అంటూ.

పక్కింటావిడ వంగి మొగుడి చెవిలో, "తనంతట తనే ఆగింది. మీరు చూడనట్టే ఉండిపోండి" అంది.

"ఆయన మాట సగంలో ఉందే" అన్నాడు మరిది.

"మన పొలం పూర్తిగా పోతోంది!"

ఆయన లేచి మైకు దగ్గరికి నడిచాడు. చూస్తే మైకు మొదలు దగ్గర వైరు తెగింది. అక్కడికక్కడ అతికించే వీల్లేక, తెగిన కొసలు రెండూ వేళ్ళతో నొక్కిపట్టి, ఆసామి పక్కన నడుం వంచి నిలబడ్డాడు. తన పొలం పోవాలని చెప్పే మాటను, చివరి ముక్క దాకా తన చేత్తోనే హాలంతా వినిపించాడు. పక్కింటావిడ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాజు విరిగిందేమోననుకున్నాను.

ఆసామి కూర్చున్నాక మరిది ఆంప్లిఫయరు ఆపేశాడు. హాలు మధ్యకు వచ్చి నిలబడి, మైకు లేకుండానే మొదలుపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం రెండో వరుస దాటడం లేదు. వెనకనుంచి ఒకటే గోల, ఈలలు.

బట్టీ ఆసామి దిగ్గున లేచాడు. "నోళ్ళు ముయ్యండర్రా! నా మాట అయ్యేదాకా ఆయన వైరు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మాట అయ్యేదాకా మీరు నోరు పట్టుకుని కూర్చోలేరా?"

హాలు సద్దుమణిగింది. ఫ్యాన్ల చప్పుడుకి ఆయన గొంతు వినపడదని ఎవరో స్విచ్చులు కూడా ఆపేశారు. చెమటలు కారుతున్నా ఒక్కరూ కదల్లేదు.

"నాకు ఫ్యాక్టరీ మీద కోపం లేదండీ" అన్నాడు మరిది. "ఆయన కొడుకు పగటిపూట ఇంటికి రావాలి. మా ఇంటావిడ పాదు కూడా ఉండాలి. గుట్ట పక్కన గడ్డి కూడా మొలవని రాళ్ళనేల బోలెడుంది కదా, ఊదారంగు అక్కడ పుయ్యండి. నీళ్ళు పారే నేల మీద ఒకసారి సిమెంటు పోశాక, పొరపాటైందని తీసెయ్యలేం. ఇంతే నా మాట."

గుట్ట దాకా రోడ్డెవరు వేస్తారు, కరెంటెవరు లాగుతారు అని చాలాసేపు వాదించుకున్నారు. అరుపులూ అయ్యాయి. ఆఖరుకి కాలవ పొలాలు పచ్చగానే ఉంచి, గుట్ట పక్క నేలను ఫ్యాక్టరీలకు చూపించాలని చేతులెత్తించారు. ఎన్ని చేతులు లేచాయంటే, ఆఫీసరుకు లెక్కపెట్టే పని కూడా తప్పింది. బట్టీ ఆసామి చెయ్యి మాత్రం లేవలేదు. తన మాట తనది.

జనం కదిలాక ఆయనే వచ్చి స్పీకరు పెట్టెకు ఒక కొస పట్టాడు. "గుట్ట మీదికి లారీ ఎక్కదయ్యా, రాసిస్తా" అన్నాడు. మరిది రెండో కొస ఎత్తుతూ ఏదో సమాధానం చెప్పాడు.

పక్కింటావిడ వైర్లు భుజాన వేసుకుని, తల నిటారుగా పెట్టి నడిచింది. ఆవిడ పక్కన నేనూ అంతే దర్జాగా నడిచాను. ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ, "మా మరిదే" అని అడక్కుండానే చెప్పాను.