ఫొటోకి అడ్డొచ్చిన గోడ

ఆ ద్వీపానికి వచ్చినవాళ్లంతా కొండను చూసి "అబ్బ!" అంటారు. నాలుగు వందల అడుగుల నిలువు రాయి, కింద నురగలు కక్కే సముద్రం. దానికి చదువుకున్నవాళ్ల దగ్గరున్న మాట అదొక్కటే. రెండో మాట, "సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది?" కొండ చరియ పాలరాయిలా మెరుస్తోందని పొంగిపోతారు. అది తరతరాల సముద్రపక్షుల రెట్ట అని ఎవరూ చెప్పరు. అతిథి మర్యాద.

ఊళ్లో ముప్పై ఇళ్లు. ఒక్కటి తప్ప అన్నీ తెలుపే. రేవుకు ఎదురుగా, మెట్ల పైనున్న ఆ ఇంటి గోడకు మాత్రం పడవలకు వేసే ముదురు పసుపు రంగు. ఇంటావిడను ఊరంతా పసుపుగోడత్త అంటుంది. అరవై దాటిన మనిషి. రెండు గదులు యాత్రికులకు అద్దెకిస్తుంది, గోడకు జతగా కొన్న పసుపు దుప్పట్లు ఉతుకుతుంది, కొండ గురించి వాళ్లు చెప్పే కవిత్వం భరిస్తుంది. ఏటా వానలకు ముందు నిచ్చెనెక్కి గోడకు తనే రంగు వేస్తుంది.

అది సరదాకి కాదు. రేవులోకి దారి రెండు బండల మధ్య సందు. ఆ సందులో పసుపు గోడ సరిగ్గా నడిమధ్యన కనిపిస్తే పడవ తిన్నగా ఒడ్డుకొస్తుంది. గోడ పక్కకు జరిగిందా, పడవ బండకే. ఆమె తండ్రి అలాగే వచ్చేవాడు. ఇప్పుడు ఊరి పడవ నడిపే తమ్ముడూ అలాగే వస్తాడు.

ఈ మధ్య ఊరికి సుందరీకరణ సంఘం ఒకటి పుట్టింది. అధ్యక్షుడు అత్తకు స్వయానా మరిది, కొట్టు యజమాని. కొట్లో బేరాలు పెరిగాకే ఆయనకు అందం మీద మక్కువ కలిగింది.

"వదినా, ఫొటోల్లో నీ గోడ కంట్లో నలుసులా ఉంది."

"నీకు నలుసేమో. నా తమ్ముడికి అదే కన్ను."

"ఏ కాలంలో ఉన్నావు? పడవలో దారి చూపించే యంత్రం పెట్టించాం కదా!"

"పెట్టించారులే. నిన్న దాని లెక్కన పడవ కొండ నెత్తి మీదుందట. మరి వాడి కాళ్లెందుకు తడిశాయో దాన్నే అడుగు."

సంఘం చేతులెత్తి ఓటేసింది. ప్రజాస్వామ్యంలో బండలకు ఓటు లేదు. మర్నాడు గోడ తెల్లబడింది. అత్త ఎవరినీ తిట్టలేదు. తమ్ముడు తిరిగొచ్చేదాకా రోజూ రేవు మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది.

వారం తిరక్కుండానే మరిది ఒక ఫొటోగ్రాఫరును తీసుకురావడానికి ఊరి పడవలో అవతలి ఒడ్డుకు వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో, పొద్దు వాలకముందే మంచు దిగింది. పెద్ద మంచేం కాదు. తెల్ల కొండ, తెల్ల నురగ, తెల్ల ఇళ్లు కలిసి ఒకే పాలగిన్నె అయ్యేంత. మెట్ల మీదున్న అత్తకు ఇంజను చప్పుడు దగ్గర్లో వినిపించింది, దూరమైంది, మళ్లీ దగ్గరికొచ్చింది. మూడో చుట్టుకు ఆమె లేచింది.

అక్కడ తమ్ముడు ఇంజను తగ్గించి, "బావా, నీ అందమైన ఊరు ఎటుందో కాస్త చూపించు" అన్నాడు. బావ పడవ అంచు మీద వంగి, పొద్దున తిన్నదంతా సముద్రానికి అప్పజెబుతున్నాడు.

ఇక్కడ అత్త గదుల్లోకి దూరి, కునుకు తీస్తున్న అతిథుల మీంచి నాలుగు దుప్పట్లూ లాగేసింది.

"చలేస్తోందండీ!"

"ప్రకృతిని చూడ్డానికేగా వచ్చారు. చూడండి."

డాబా మీంచి దుప్పట్లను గోడ పొడవునా వేలాడదీసి, అంచుల మీద రాళ్లు పెట్టింది. కాసేపటికి పడవ సందులోంచి తిన్నగా వచ్చింది.

మరిది ఒడ్డున కాళ్లు ఆనించి, ఊపిరి తీసుకుని, గోడ వైపు చూశాడు. మనుషులు మారతారని నమ్మేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపెయ్యొచ్చు.

"వదినా, వెలుతురు పోయేలోగా ఆ దుప్పట్లు కాస్త తీస్తావా? ఒక్క ఫొటో."

తమ్ముడు ఇంజను ఆపలేదు. "తీసెయ్యక్కా. రా బావా, ఎక్కు. ఇంకోసారి బయటికెళ్లి వద్దాం."

ఫొటోగ్రాఫరు అప్పటికే సగం మెట్లెక్కేశాడు. మరిది పడవను చూశాడు, బండలను చూశాడు. కొట్టులోకి వెళ్లి పసుపు రంగు డబ్బా తెచ్చాడు. మూత తీయబోయి కొంత మెట్ల మీద ఒలకబోశాడు.

"ఇలా ఇవ్వు" అంది అత్త. "నువ్వు నిచ్చెన పట్టుకో. అందంగా పట్టుకో."