గట్టు మీద టీచరుగారు, కాలువలో ఛాంపియను

తెల్లవారుజామున ఐదున్నరకు రాజమండ్రిలో రైలు దిగాను. పేపర్లో ఆటల వార్తలు రాసే రోజుల్లో ప్రవీణ అనే అమ్మాయి దూరపు ఫ్రీస్టైల్ ఈతలో జాతీయ బంగారు పతకం గెలవడం కళ్లారా చూశాను. ఆ తర్వాత ఆమె మరో రెండు గెలిచింది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది. భుజానికి ఆపరేషన్ అయ్యాక పేరు వినిపించడం మానేసింది. మొన్న ఫోన్ చేస్తే, వయసు మళ్లినవాళ్ల జాతీయ పోటీలకు పేరివ్వాలని ఉందనీ, వెళ్లాలో వద్దో శనివారం సాయంత్రం తమ ఊరి కాలువలో తేలుతుందనీ చెప్పింది. స్విమ్మింగ్ పూల్ ఉండగా కాలువలో తేలడమేమిటో నాకు బోధపడలేదు. రిటైరైనవాడికి ఆ మాత్రం సాకు చాలు, టికెట్ తీశాను.

మీరు వెళ్లేట్టయితే స్టేషన్ నుంచి బస్టాండుకు షేర్ ఆటో ఎక్కండి. అమలాపురం బస్సులకు కొదవ లేదు, కిటికీ పక్క సీటే కష్టం. జొన్నాడ దాటి వంతెన ఎక్కితే గోదావరి సగం ఇసుకే. రావులపాలెంలో అరటి గెలల లారీల వెనక బస్సు ఇరుక్కుపోయింది. డ్రైవరు దిగి ఎటో వెళ్లిపోయాడు. నేనూ దిగి పెసరట్టు తిన్నాను. పెసరట్టు బ్రహ్మాండం, కాఫీ సంగతి ఎత్తకపోవడం మంచిది.

కొత్తపేటలో ఒక రైతు నా పక్కన కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నకల్లా కాలువ కట్టేస్తారనీ, వేసవి మరమ్మతులయ్యాక జూన్‌లో గానీ నీళ్లు వదలరనీ ఆయనే చెప్పాడు. ఈ శనివారమే ఎందుకో అప్పుడు అర్థమైంది. ఎవరింటికని అడిగితే చెప్పాను.

"మార్తమ్మ టీచరుగారి అమ్మాయాండి? ఆయ్, తెలీకపోవడమేంటండి. బడికి ఈదుకుంటూ వెళ్లేది ఆ పిల్లే కదండి," అన్నాడు.

ఊళ్లో వాళ్లు గోరంతలు కొండంతలు చేస్తారులే అనుకున్నాను.

అమలాపురానికి ఇవతలే దిగాను. ఇల్లు కాలువ గట్టునే ఉంది. ప్రవీణ ఎదురొచ్చి నా సంచి ఎడమచేత్తో అందుకుంది, కుడిచేతిని ఒంటికి ఆనించి జాగ్రత్తగా పెట్టుకుంది. మార్తమ్మగారు చేపల పులుసుతో భోజనం పెట్టి, రైతు చెప్పింది నిజమేనన్నారు. ఆవిడ పనిచేసిన బడి దిగువ వంతెన దగ్గర ఉంది. భర్త పోయాక పిల్లను ఇంట్లో చూసుకునే దిక్కు లేదు. నడవమంటే అది మారాం చేసేది. దాంతో పీచుతో ఉన్న ఎండు కొబ్బరికాయలు రెండు జతకట్టి, పిల్ల నడుముకు బిగించి నీళ్లలో వదిలేవారట. తను సంచిలో తువ్వాలూ యూనిఫారమూ పెట్టుకుని గట్టు మీద నడిచేవారు. కొన్నాళ్లకు కొబ్బరికాయలు అక్కర్లేకపోయాయి. బడి గంట ఎవరి కోసమూ ఆగదు గనక టీచరుగారు మాత్రం ఏనాడూ నడక తగ్గించలేదు. సాయంత్రం ఇద్దరూ నడిచే వచ్చేవారు.

మొదటి జిల్లా పోటీలో జరిగింది ప్రవీణ నవ్వుతూ చెప్పింది. పూల్లో నాలుగు పొడవులు ఈదాలి. అందరికన్నా ముందు అవతలి గోడ ముట్టుకుని, పైకి ఎక్కేసి, తువ్వాలు కోసం వాళ్లమ్మను వెతుక్కుంటూ వెళ్లిపోయిందట.

"మా కాలువకి అడ్డంగా గోడుండదు కదండీ. ముట్టుకుని వెనక్కి తిరగాలని నాకేం తెలుసు?"

మార్తమ్మగారు కూడా పందెం అయిపోయిందనుకుని శుభ్రంగా తల తుడిచేశారట. నేను పొలమారేలా నవ్వాను.

పోటీలకు వెళ్లాలో వద్దో తేల్చే షరతు పెట్టింది కూడా ఆవిడే. గట్టు మీద నడిచే తనకంటే ముందు ప్రవీణ ఈదుకుంటూ దిగువ వంతెన చేరితే వెళ్లొచ్చు, లేకపోతే ఈ ఏటికి ఆ మాట ఎత్తకూడదు. ప్రవీణ ఒప్పుకుంది.

ఎండ తగ్గాక ఐదింటికి ఆమె రేవు మెట్లు దిగింది. టీచరుగారు చీర కుచ్చిళ్లు ఎగదోపి, సంచి తగిలించుకుని, గొడుగు పట్టుకుని బయల్దేరారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయంటే నమ్మలేం. పక్కన నడుస్తున్న నాకే ఆయాసం వచ్చింది. మొదట ప్రవీణే ముందుంది. సగం దూరం దాటాక కుడిచెయ్యి నీళ్లమీదికి సరిగా లేవడం మానేసింది. నా మనసు ఊరుకోలేదు. కాస్త మెల్లగా నడవకూడదా అని ఆవిడను అడిగేశాను.

"తగ్గితే దానికి తెలిసిపోద్దండి. ఊపిరికి తల తిప్పినప్పుడల్లా నన్నే చూస్తది."

ఆమె ఎప్పుడూ కుడివైపే ఊపిరి తీస్తుందని, అదొక లోపమని ఆ రోజుల్లో కోచ్‌లు అనేవారు. ఆ కుడివైపున గట్టు ఉందని వాళ్లెవరికీ తెలియదు.

టీచరుగారే ముందు వంతెన చేరారు. తువ్వాలు తీసి పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి ప్రవీణ వచ్చి మెట్టు పట్టుకుంది గానీ పైకి రాలేదు. అక్కడే ఏడ్చింది. నాకు చాలా బాధేసింది, అంత దూరం వచ్చి ఇదా చూడాల్సింది అనిపించింది.

"కొంచెం నెమ్మదిగా నడవొచ్చు కదమ్మా," అంది చివరికి.

"నడిస్తే నువ్వెళ్లేదానివి. అక్కడ నీకోసం ఎవరు నెమ్మదిగా ఈదుతారే?" అంటూ మార్తమ్మగారు వంగి కూతురి తల తుడిచారు. "జూన్‌లో మళ్లీ నీళ్లు వదుల్తారు. నేనెక్కడికీ పోను."

ఆ రాత్రి అమలాపురం బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకున్నాను. గది పరవాలేదు, దోమల చక్రం మాత్రం మీరే తీసుకెళ్లండి. మర్నాడు పొద్దున్నే రావులపాలెం బస్సు ఎక్కాను. కాలువ సగానికి పైగా దిగిపోయి, బురదలో జనం చేపలు పడుతున్నారు. కాలువల నిండా నీళ్లున్నప్పుడే కోనసీమ చూడాలంటారు. కట్టేసిన మర్నాడు కూడా ఒకసారి చూడమంటాను నేను.

టీచరుగారి ఇల్లు దాటాక, గట్టు మీద ఆ ఇద్దరూ కనిపించారు. ప్రవీణ వెనక నడుస్తూ, కుడిచేతిని తల మీదికి ఎత్తుతోంది, దించుతోంది, మళ్లీ ఎత్తుతోంది. పళ్లు బిగపట్టినట్టు బస్సులోంచే తెలుస్తోంది. గొడుగు పట్టుకుని ముందు నడుస్తున్న టీచరుగారు వెనక్కి తిరిగి చూడలేదు. నడకా తగ్గించలేదు.