ఎవరి కుర్చీ వారే తెచ్చుకోవాలి

మా ఇంటి ఓనరు పార్లమెంటుకు పోటీ చేసిన ఏడాది నేను ఆయన పై పోర్షన్‌లో అద్దెకుండేవాణ్ణి. ఎలక్షన్ ఏజెంటుగా ఉండమని ఓనరే అడిగినప్పుడు అద్దెకున్నవాడికి సొంత రాజకీయ అభిప్రాయాలు ఉండటం కష్టం. పైగా నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఆ ఒక్క ఆధారంతో నాకు ఎన్నికల ఫారాలన్నీ నింపడం వచ్చని ఆయన తేల్చేశారు.

రాష్ట్రం అప్పటికింకా ఒక్కటే. మాది గుంటూరు వైపు, ఆయనది కీసర దగ్గర ఊరు. విడిపోవాలా వద్దా అని సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని వాదించుకునేవాళ్ళం. వాదన ముదిరితే ఆయన భార్య టీ పంపేది. ఆ టీ కోసమైనా సమస్య ఇప్పట్లో తేలకపోతే బాగుండునని నాకు అనిపించేది.

పగలు ఆయన ఎల్బీనగర్ కోర్టులో వకీలు. చెంగిచెర్ల వైపు ఒకే ప్లాటును ముగ్గురికి అమ్మిన కేసుల్లో దిట్ట. మిగతా సమయంలో నాచారంలో టెంట్ హౌస్ యజమాని. షామియానాలు, వంట గిన్నెలు, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. నిజానికి టెంట్ హౌస్ నడిపేది ఆయన భార్యే. ఆవిడను నేను అక్క అనేవాణ్ణి. వ్యాపారంలో ఆయన వాటా పేరు మాత్రమే. ఆ పేరు ప్రతి కుర్చీ వీపు మీదా తెల్ల పెయింటుతో ఉండేది, కింద అడ్వకేట్ అని కూడా. ఎత్తుకుపోయేవాడు కాస్త జంకుతాడని.

నాచారం ఫ్యాక్టరీల వాసన మీద ఆయన ఎన్నో ఏళ్ళుగా అర్జీలు రాస్తున్నారు. అర్జీ అందుకునేవాడు కూడా తానే అయితే పని త్వరగా అవుతుందన్న ఆలోచనతో ఇండిపెండెంటుగా నామినేషన్ వేశారు. గుర్తు బీరువా వచ్చింది.

గెలుస్తానని ఆయన ఒక్కసారీ అనలేదు. ఆయన కోరిక చిన్నది. ఒక రాత్రి భోజనం దగ్గర చెప్పారు.

"సారూ, పార్లమెంటు సంగతి తర్వాత. మన కాలనీ పోలింగ్ బూతుల నేను ఫస్టు రావాలె. గంతే. పక్కింటోడు ఏయని ఓటు పటాన్‌చెరోడు ఏస్తడా?"

"పటాన్‌చెరు మన నియోజకవర్గం కాదండీ" అన్నాను.

"అందుకే ఏయడు" అన్నది అక్క.

పెద్ద పార్టీలకు రోజుకో సభ. మాకు మొత్తానికి ఒకటే. కమ్యూనిటీ హాలు ముందు ఖాళీ జాగాలో, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా, పోలీసు పర్మిషన్‌తో. దానిమీదే కాలనీ బూతు ఆశంతా. ఆ ఉదయం ఆయన ఖద్దరు చొక్కా వేసుకుని కుర్చీలు ఎప్పుడు పంపుతున్నావని అక్కను అడిగారు.

"ఏ కుర్చీలు? అన్నీ ఉప్పల్ పోయినయి."

"ఉప్పల్ల ఏమున్నదే?"

"పెద్ద పార్టీ మీటింగున్నది, వాళ్ళ లీడరు వస్తున్నడు. నెల కింద చెప్పిపెట్టిన్రు."

"నా మీద నిలవడ్డోనికి నా కుర్చీలు ఇచ్చినవా!"

"వాళ్ళు నెల కింద చెప్పిన్రు. నువ్వెప్పుడు చెప్పినవ్?"

ఆయన నా వైపు చూశారు. ఎలక్షన్ ఏజెంటు ఏదో ఒకటి అనాలి కాబట్టి, పల్లెల్లో నాటకాలకు జనం చాపలు తెచ్చుకున్నట్టు ఇక్కడ కుర్చీలు తెచ్చుకుంటే ఏం పోయిందన్నాను. ఆయనకు ఆ మాట ఎంత నచ్చిందంటే, అరగంటలో మా మైకు ఆటో గల్లీగల్లీ తిరుగుతూ "మీ ఇంటి బిడ్డ సభకు మీ కుర్చీ మీరే తెచ్చుకోండి" అని అరుస్తోంది. ఆ వాక్యం నేనే రాశాను. తర్వాత ఎవరూ అడగలేదు గానీ, అడిగితే ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఐదున్నర దాకా వేదిక మీద ఆయన, కింద నేను, మధ్యలో ఒక కుక్క. అప్పుడు ఎదురింటి పెద్దాయన వచ్చాడు. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. నెత్తి మీద కుర్చీ బోర్లించుకుని నడిచొచ్చి ముందు వరసలో వేసుకుని కూర్చున్నాడు. ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఒక కుటుంబం. ఆరయ్యేసరికి జాగా సగానికి పైగా నిండింది. వేదిక మీద మా అభ్యర్థికి కళ్ళు చెమర్చాయి. మైకులోనే అన్నారు.

"నాకు బిర్యానీ పొట్లాలు లేవు, లారీలు లేవు. అయినా నా మీద పావురంతోని, ప్రేమతోని మీ ఇంట్లకెంచి కుర్చీలు మోసుకొచ్చిన్రు!"

చప్పట్లు. జనం ఎలా ఉన్నారో వెనక నుంచి చూద్దామని నేను చివరికి నడిచాను. అక్కడినుంచి కుర్చీల వీపులు కనబడ్డాయి.

వరస తర్వాత వరస, ఎర్ర ప్లాస్టిక్ మీద తెల్ల పెయింటు. ఆయన పేరు. కింద అడ్వకేట్. కొన్నిటి మీద పెయింటు గీకేసే ప్రయత్నం జరిగింది, కానీ పెయింటు మంచిది. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని బారసాలలు, ఎన్ని గృహప్రవేశాల్లో తక్కువపడ్డ కుర్చీలో, అన్నీ ఒకేచోట కొలువుదీరాయి. వీటిలో కూర్చున్నవాళ్ళు మాత్రం ఏ సంకోచం లేకుండా చప్పట్లు కొడుతున్నారు. కుర్చీ మన ఇంట్లో నాలుగేళ్ళుంటే మనదే అవుతుంది. దాని వీపు మనం చూడం కదా.

వేదిక మీదున్నాయనకు ముఖాలే కనబడతాయి, వీపులు కనబడవు. ఆ సంగతి అలాగే ఉండనిద్దామని నేను నిర్ణయించుకున్న క్షణంలో, సభల ఖర్చు వీడియో తీసే ఎన్నికల ఉద్యోగి కెమెరాతో నా పక్కకు వచ్చాడు. మర్యాదస్తుడు.

"ఈ కుర్చీలు ఎవరివి సార్?"

"జనం ఇళ్ళనుంచి తెచ్చుకున్నవి. మైకులో కూడా చెప్పారు."

"క్యాండిడేట్ పేరుంది కద."

"ఉంది."

"అంటే క్యాండిడేట్ గారు ఇంటింటికి కుర్చీలు పంచిన్రా?"

పంచారంటే ఓటర్లకు లంచం, కేసు. పంచలేదంటే ముందు వరస నుంచి చివరి దాకా ఓటర్లంతా దొంగలు. ఏది చెప్పినా కాలనీ బూతు పోయినట్టే. ఇంగ్లీషు వ్యాకరణం చెప్పడానికి తప్ప దేనికీ పనికిరానని మా నాన్న ఊరికే అనలేదు.

అంతలో ఉప్పల్‌లో కుర్చీలు దించి ఖాళీగా తిరిగొస్తున్న మా టెంట్ హౌస్ డీసీఎం వ్యాను వచ్చి ఆగింది. అక్క దిగింది. ఒక్కసారి వరసలన్నీ చూసింది. ఆవిడ ముఖంలో ఏమీ మారలేదు. ఏళ్ళ తరబడి కుర్చీలు ఎందుకు తగ్గుతున్నాయో ఆవిడకు తెలియనిదేం కాదేమో.

"గవి మావే సార్" అన్నది కెమెరా మనిషితో. "మేమే ఏసినం. మీటింగ్ అయినంక మేమే ఎత్తుకపోతం. రాసుకోండి."

"మరి సార్ ఇంకోటి చెప్తున్నడు?"

"ఆ సారు కిరాయికుంటడు. ఆయనకేం ఎర్కలే."

కెమెరా మనిషి రాసుకున్నాడు. కానీ పోలేదు, ఎత్తుకుపోవడం కూడా వీడియో తీయాలిగా.

సభ ముగిసింది. జనం లేచి కుర్చీలకేసి చేయి చాపేసరికి అక్క వరసల మధ్య నవ్వుతూ తిరుగుతోంది. "ఆడనే ఉండనియ్యి వదినా, బండి ఉన్నది. నీకెందుకు శ్రమ." "మంచిగ కూసున్నవా తాతా? పెట్టిపో." ఒక్కొక్కరే కుర్చీ వదిలేసి ఇంటి దారి పట్టారు. ఎదురింటి పెద్దాయన మాత్రం తన కుర్చీ వ్యానులోకి ఎక్కేదాకా చూసి, ఆ తర్వాత కదిలాడు.

మా అభ్యర్థి మురిసిపోతూ దిగొచ్చారు. "సూసినవా సారూ, స్పీచుల మునిగి కుర్చీలు మర్సిపోయిన్రు!" అన్నారు. నేను వ్యాను వైపు చూపించాను. ఆయన కుర్చీల వీపులు చూశారు. కాసేపు చదివారు, తన పేరే అయినా.

"ఇచ్చేద్దాంలే" అన్నారు చివరికి. "పొద్దుగాల ఎవరిది వాళ్ళకు ఇచ్చేద్దాం. లేకుంటే బూతు పోతది."

"ఇస్తే జైలుకు పోతవ్" అన్నది అక్క. "ఓటరుకు కుర్చీ ఇచ్చుడు నేరమా కాదా? నువ్వే వకీలువి."

ఆయన ఆలోచించారు. సెక్షన్ గుర్తొచ్చినట్టుంది. వ్యాను తలుపు వేశారు.

పోలింగు దాకా మా గల్లీలో అరుగులు, మెట్లు, నీళ్ళ ట్యాంకు గట్లు కూర్చున్న మనుషులతో నిండి కనిపించేవి. మేం నమస్కారం పెడితే ప్రతినమస్కారం వచ్చేది, కొంచెం ఆలస్యంగా.

కాలనీ బూతులో ఆయన మూడో స్థానంలో వచ్చారు. బూతులవారీ ఓట్ల లెక్కల కాగితం చేతిలో పట్టుకుని వాకిట్లో కూర్చున్నారు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ ఓటు మీకే వేశామన్నారు. మధ్యాహ్నానికే, వేశామన్నవాళ్ళు వచ్చిన ఓట్లను దాటిపోయారు. ఆయన ఎవరితోనూ లెక్క చెప్పలేదు. అందరికీ టీ ఇప్పించారు.

సాయంత్రం ఎదురింటి పెద్దాయన వచ్చాడు. అక్క కుర్చీ వేసింది. కూర్చునే ముందు ఆయన దాన్ని తిప్పి చూసుకున్నాడు.

"బిడ్డా, నేను ఏయలే" అన్నాడు. "కోపమొచ్చి ఏయలే. ఇంటికి పోయినంక కింద కూసుంటె మోకాళ్ళు నొచ్చినయి."

ఆ రోజు నిజం చెప్పింది ఆయనొక్కడే. ఇద్దరూ టీ తాగారు, ఫ్యాక్టరీ వాసన గురించి మాట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు పెద్దాయన లేచి, కుర్చీ కేసి చూసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"తీసుకపో తాతా" అన్నారు మా ఓనరు. "ఎలక్షన్ అయిపోయింది. ఇప్పుడిస్తే నేరం కాదు."

పెద్దాయన రెండోసారి చెప్పించుకోలేదు. కుర్చీ నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటాడు. అక్క గుమ్మంలోంచి చూస్తూ నిలబడింది.

"ఇంక ఎవరెవరు ఏయలేదో అడిగి చెప్పు" అన్నది. "కుర్చీలేసుకొని బండి తీస్త."