వారం తప్పి కుట్టిన సీరియల్

మొన్న కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత నవల తెరిస్తే మైదా జిగురు వాసన గుప్పుమంది. నిన్న దాన్ని పూర్తి చేశాను. అందులో పెద్దగా ఏమీ లేదు, ఒక మొగుడూ పెళ్లామూ, ఒక ప్రయాణం, చివర్లో ఆయన తిరిగి రాకపోవడం. నేను పనిచేసే బట్టల షాపులో స్వప్న అదే చదివి కళ్లు వాచేలా ఏడ్చిందట. నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. అంతకుముందు చదివింది నవ్వుల నవలే అయినా, అందులో తండ్రి చొక్కా తొడుక్కుని గడప దాటుతుంటే నేను పేజీ తిప్పలేకపోయాను. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నవలల గురించి గొప్పగా చెప్పడం నాకు రాదు. ఎందుకు భయమో మాత్రం చెప్పగలను.

నా చిన్నప్పుడు, హైటెక్ సిటీ కడుతున్న రోజులవి. మాదాపూర్‌లో మా ఇంటి వెనక నుంచి చూపు ఆనేంత దూరం గుట్టలే, ఏనుగులంత బండరాళ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. మా నాయిన ఆ బండలకు రంధ్రాలు వేసి పేలుడు మందు కూరే పని చేసేవాడు. విజిల్ ఊదేవాళ్లు, ఎర్రజెండా లేచేది, పిల్లలం ఇళ్లలోకి పరిగెత్తేవాళ్లం, తర్వాత ధన్‌మని నేల ఉలిక్కిపడితే బల్ల మీది స్టీలు గిన్నెలు చాలాసేపు గలగలలాడేవి, ఆరేసిన బట్టల మీద తెల్లటి పొడి వచ్చి వాలేది. ఎండాకాలం సెలవుల్లో ఆ పొడి పడకుండా మామిడి ముక్కల మీద పాత చీర కప్పి, పక్కనే గచ్చకాయలాడుతూ, ఉప్పూ కారం అద్దుకుని ఆ ముక్కలే దొంగతనంగా తినేవాళ్లం.

పక్క వాటాలో కిరాయికుండే సుభద్ర ఆంటీది భీమవరం. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి దాచుకుని, కథ అయిపోగానే దబ్బనంతో కుట్టి, మైదా ఉడికించి అట్ట అంటించేది. అమ్మకు చదువు రాదు కాబట్టి, మధ్యాహ్నాలు ఆమె బియ్యం ఏరుతుంటే నేను పైకి చదివేదాన్ని.

"జర మెల్లగ చదువే, ఎవలన్న తరుముతున్నరా ఏంది?" అనేది అమ్మ.

"దాన్ని చదవనివ్వండి వదినగారూ, మీరు బియ్యంలో రాళ్లు చూసుకోండి" అనేది ఆంటీ, జంతికల డబ్బా మా మధ్యకు జరుపుతూ.

ఆ వేసవిలో చదివిన సీరియల్లో సోమయ్య అని బావులు తవ్వే మనిషి. ఒక మధ్యాహ్నం, ఆంటీ కూకట్‌పల్లి బజారుకు పోయినప్పుడు, మట్టి విరిగి సోమయ్య మీద పడిపోయిన భాగం చదివాను. శవాన్ని పైకి తీశారు, భార్య గాజులు పగలగొట్టుకుంది, అమ్మ కళ్లొత్తుకుంది. పేజీ తిప్పాను. సోమయ్య ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని మజ్జిగ అడిగాడు. భార్య నవ్వుతూ ఇచ్చింది. కూతురు వీపెక్కింది.

అమ్మ చేతిలో చాట ఆగిపోయింది. "సచ్చిపోయినోడు మల్ల ఎట్లొచ్చిండే?"

"ఏమో, గిట్లనే ఉంది."

"మరి ఇంట్ల ఎవలికీ ఎరుక లేదా?"

ఎవరికీ తెలియదు. తాను చచ్చిపోయినట్టు బహుశా సోమయ్యకే తెలియదు. అప్పుడే విజిల్ లేకుండా, జెండా లేకుండా గుట్ట పేలింది.

కాసేపటికి నాయిన గడపలో నిలబడ్డాడు. తల వెంట్రుకల నుంచి కాలి గోళ్ల దాకా తెలుపు, కనురెప్పలు కూడా తెలుపే. "ఏమైందయ్యా?" అని అమ్మ అరుస్తోంది, ఆయన బదులివ్వడు. నా వైపు చూసి, తనది కాని గొంతుతో, "జర మజ్జిగియ్యుండ్రి" అన్నాడు.

"ముట్టకు అమ్మా! నాయిన సచ్చిపోయిండు!" అని కేకపెట్టి బియ్యం డబ్బా వెనక దూరాను. ఆయన చెయ్యి చాపుతూ వస్తుంటే గోడలోకి పోయేంతగా ఒదిగాను. అమ్మ ఏం అనుకుందో, బిందెడు నీళ్లు ఆయన నెత్తిన కుమ్మరించింది. తెలుపంతా జారిపోయి, చెవి కింద సన్నగా రక్తం కనిపించింది. అది చూసి అమ్మ ఏడుపు అందుకుంది, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. చచ్చినవాళ్లకు రక్తం కారదు కదా! మందు ముందే అంటుకుందట, ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు, దగ్గరున్న నాయిన చెవులు మాత్రం దెబ్బతిన్నాయి.

సాయంత్రం ఆంటీ వచ్చి పుస్తకం తిరగేసి నాలుక కరుచుకుంది. "అయ్యో, ఈ వారం ముందుండాలే! అది తర్వాత వారం. తారుమారుగా కుట్టేశానమ్మా." దారం తెంచడానికి కత్తెర తీసింది. అప్పుడు అర్థమైంది నాకు. సోమయ్య ముందు ఇంటికొచ్చాడు, మజ్జిగ తాగాడు, బిడ్డను ఎత్తుకున్నాడు. ఆ తర్వాతే బావిలోకి పోయాడు. నాయిన కూడా ఇప్పుడే మజ్జిగ తాగి పడుకున్నాడు.

పుస్తకం లాక్కుని పొట్టకు హత్తుకున్నాను. "వద్దాంటీ, గట్లనే ఉండనీ."

"పిచ్చిపిల్లా, చదివేవాళ్లకు అర్థం కావద్దూ?"

"కాకున్నా మంచిదే."

మరునాడు దవాఖానలో నాయిన చెవుల్లో దూది పెట్టి పంపారు. నొప్పి కాస్త తగ్గగానే నాయిన సైకిల్‌కు టిఫిన్ తగిలించాడు. హ్యాండిల్ పట్టుకుని, "పోకు నాయినా, ఇయ్యాల పోకు" అన్నాను. దూది చెవులతో ఆయన నా పెదాలనే చూశాడు. ఏదో కొనిపెట్టమంటున్నాననుకున్నాడు.

"తెస్త బిడ్డా, తెస్త" అని నవ్వి తొక్కుకుంటూ పోయాడు.

ఆ రోజు విజిల్ వినిపించింది, గిన్నెలు గలగలలాడాయి, నేను అన్నం ముట్టకుండా గడపలోనే కూర్చున్నాను. పొద్దుగూకాక ఆయన వచ్చాడు, నూనె మరకల కాగితంలో వేడి మిర్చి బజ్జీలతో, నేను అడిగానని.

గుట్ట అయిపోయేదాకా పోతూనే ఉన్నాడు, వస్తూనే ఉన్నాడు. ఇప్పుడక్కడ అద్దాల బిల్డింగు, సీతాఫలం చెట్లు ఎక్కడుండేవో నేనే ఆనవాలు పట్టలేను. విజిల్ లేదు, చింపి కుట్టుకునే సీరియళ్లూ లేవు, ఇల్లు మారిన ఆంటీ జాడా లేదు. నాయిన ఉన్నాడు, నార్సింగిలో మా తమ్ముడింట్లో, చెవులు దాదాపు పనిచేయకుండా. నవలలో ఎవరైనా గడప దాటితే నేను పుస్తకం బోర్లించి ఆయనకు ఫోన్ చేస్తాను. పక్కనే మోగినా ఆయనకు వినపడదు. అది అలా మోగుతూనే ఉంటుంది, మోగుతూనే ఉంటుంది. "పండుకున్నడే, ఏంది?" అని అమ్మ ఎత్తేదాకా నేను పేజీ తిప్పను.