సులభం మాస్టారు

గణితశాఖలో అందరూ ఆయన్ని ఎదురుగా సార్ అనేవాళ్ళు, అటు తిరగ్గానే సులభం మాస్టారు అనేవాళ్ళు. అచ్చయిన పరిశోధన వ్యాసాలు మూడువందల పైచిలుకు, పుస్తకాలు పాతిక. ఇన్ని రాసిన మనిషిని పొగడటానికి జనం బోలెడుమంది దొరికారు, ఆయనకి అరవయ్యేళ్ళు నిండినప్పుడు ప్రత్యేక సంచిక కూడా వేశారు. అందులో వెయ్యని సంగతి ఇక్కడ చెప్పుకుందాం. ఇది ఆయన దగ్గర పరిశోధనకి చేరిన ఒక అమ్మాయికి తెలిసిన కథ. ఆ అమ్మాయికి ఆయనంటే ఒళ్ళుమంట. అది చెప్పేవాళ్ళకి కూడా అంటుకుందని ముందే ఒప్పేసుకుంటే ఒక పనైపోతుంది.

కష్టపడి పైకొచ్చిన మనిషే, కాదనడానికి లేదు. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. ఆ కొట్టు వెనక గదిలో, వంద గడియారాల టిక్కుటిక్కుల మధ్య కూర్చుని చదువుకున్నాడు. మొదటి పదేళ్ళలో ఆయన చేసిన పని నిజంగా గొప్పదని ఆ అమ్మాయి కూడా ఒప్పుకుంటుంది, పళ్ళు నూరుతూనే. తర్వాత తర్వాత ఆలోచించడం తగ్గి రాయడం పెరిగింది. సొంత చెల్లెలి పెళ్ళిలో భోజనాల బల్ల దగ్గర కూర్చుని, శుభలేఖ వెనక ఒక సిద్ధాంతం రాసి, ఆ శుభలేఖనే పత్రికకి పంపించాడని చెప్పుకునేవాళ్ళు. పొద్దున్నే వంటింటి పక్క బల్ల మీద, దిద్దేసిన జవాబు పేపర్ల వెనక రాసుకునేవాడు. ఆయన ఆ బల్ల దగ్గర్నించి లేచేదాకా ఇంట్లో కుక్కర్ కూత వెయ్యకూడదు. పిల్లలెంతమందండీ అని ఎవరైనా అడిగితే ఆయన భార్య, "ఇద్దరు. అచ్చయినవాళ్ళని కూడా కలుపుకుంటే ఇరవయ్యేడు" అనేది.

ఏడాదికో పుస్తకం ఎలా రాస్తాడయ్యా అంటే, అందులో పెద్ద కిటుకేమీ లేదు. కష్టమైన చోటు రాగానే "దీని నిరూపణ సులభం, పాఠకులే చేసుకోగలరు" అని ఒక ముక్క రాసి ముందుకెళ్ళిపోవడమే. లెక్కల పుస్తకాల్లో ఇది అందరూ చేసేదే, నిజంగా సులభమైన చోట చేస్తే తప్పూ లేదు. మాస్టారు మాత్రం తనకి విసుగు పుట్టిన ప్రతిచోటా చేశాడు.

శుక్రవారం సెమినార్లోనూ అదే వరస. బోర్డు మీద రాస్తూ రాస్తూ "ఇది సులభం" అనేవాడు. గదిలో ఉన్నవాళ్ళంతా గంగిరెద్దుల్లా తలలూపేవాళ్ళు. ఒకసారి ఎవరో కొత్తగా చేరిన లెక్చరర్, పాపం తెలియక, "ఎలా సార్?" అన్నాడు. మాస్టారు సుద్దముక్క కింద పెట్టాడు.

"బాబూ, పక్క బిల్డింగులో చరిత్ర శాఖ ఉంది. ఖాళీలున్నాయేమో కనుక్కో."

గది గొల్లుమంది. ఆ లెక్చరర్ ముఖం కందిపోయింది. ఆ తర్వాత ఆ శాఖలో ఎలా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అర్థం కాకపోయినా తలూపితే తెలివైనవాళ్ళ కింద లెక్క, అడిగితే మొద్దుల కింద లెక్క. నెత్తిమీద అంత చదువు పెట్టుకుని, అంతమంది అలా బతికేశారు.

ఆ అమ్మాయి అన్నావదినల దగ్గర ఉండేది. ఇల్లు రెండే గదులు. ఉన్న ఒక్క బల్ల మీద పగలు వదిన కుట్టుమిషను ఉండేది. సాయంత్రం మిషను దింపి కింద పెట్టాక అది ఈ పిల్ల చదువు బల్ల అయ్యేది. "మీ సారు సులభం అంటాడు, నువ్వేమో మూడేళ్ళయినా తేల్చవు. మీ ఇద్దర్లో ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నారే" అని వదిన వేళాకోళమాడేది. ఆ వేళాకోళం సూదిలా గుచ్చుకునేది. ఎందుకంటే మాస్టారు ఆమెకిచ్చిన పరిశోధనంతా ఆయన పదో పుస్తకంలోని ఒక చిన్న ఫలితం మీద నిలబడి ఉంది. చుక్కల్ని గీతలతో కలిపితే వలలాంటి బొమ్మ వస్తుంది కదా, అలాంటి ఒక రకం వలని ముక్కలు చేసి, ఏ వరసలో మళ్ళీ కలిపినా మొదటి వలే తిరిగి వస్తుందని ఆ ఫలితం చెప్తుంది. కింద మామూలు ముక్కే: నిరూపణ సులభం.

ఆమెకి ఆ సులభం ఎంతకీ చేతికి రాలేదు. అడగడానికి మాస్టారి గది తలుపు దాకా వెళ్ళి, చరిత్ర శాఖ గుర్తొచ్చి వెనక్కి వచ్చేసేది. రీడర్ గారిని అడిగింది. ఈ రీడర్ గారు మాస్టారి పాత శిష్యుడు, సెమినార్లో ముందు వరసలో కూర్చుని అందరికంటే ముందు తలూపే మనిషి.

"అది సులభమేనమ్మా" అన్నాడు.

"మీరు చేసి చూశారా సార్?"

"చెయ్యడం దేనికి? సార్ చేసుంటారుగా."

అప్పుడు ఆ పిల్లకి కాళ్ళకింద నేల కదిలినట్టయింది. ఈయన చెయ్యలేదు, ఆయన చేశాడని ఈయన నమ్మాడు. ఆయనైనా చేశాడా? ఆ ఫలితం మీద శాఖలో సగం మంది వ్యాసాలు రాశారు, ప్రమోషన్లు తెచ్చుకున్నారు. ఆమె దాన్ని నిజమని నిరూపించడం మానేసి, అబద్ధమేమో చూద్దామని కూర్చుంది. కూర్చుంటే దొరికింది. ఒక వలని ఒక వరసలో కలిపితే ఒకటి వచ్చింది, ఇంకో వరసలో కలిపితే ఇంకోటి వచ్చింది. చూడ్డానికి రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. నిజంగా వేరువేరని నిరూపించడానికి మాత్రం ఆమెకి ప్రాణం పోయినంత పనైంది. ఆ పనికి ఆమె తనంతట తాను ఒక కొత్త దారి కనిపెట్టాల్సొచ్చింది. మాస్టారి మూడువందల వ్యాసాల్లో అలాంటి దారి లేదు.

మాస్టారికి ఇవ్వడానికి శుభ్రంగా తిరగరాసేటప్పుడు ఆ పిల్ల చేసిన పని వింటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ఆ శాఖలో పెరిగిన బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇంత చిన్నదానికి ఇన్ని పేజీలా అని ఆయన వెటకారం చేస్తాడేమోనని భయపడి, ఆ కష్టమైన చోటంతా కొట్టేసి, "ఈ రెండూ వేరని చూపడం సులభం" అని రాసి ఇచ్చింది.

మాస్టారు పేజీలు తిప్పాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎక్కడో తప్పు చేసుంటావు. నేను చూస్తాను, వెళ్ళు" అన్నాడు. వారాలు గడిచాయి. ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. ఆమె వరండాలో నిలబడితే పక్క మెట్ల మీంచి దిగిపోయేవాడు. చివరికి ఒక పొద్దున నోటీసు బోర్డు మీద కాగితం కనిపించింది: వచ్చే శుక్రవారం మాస్టారి ఉపన్యాసం, "నా పదో పుస్తకంలోని ఒక ఫలితానికి సవరణ." కింద ఆయన పేరొక్కటే ఉంది. కాగితం చివర, బొమ్మలు శుభ్రంగా గీసిపెట్టినందుకు ఆమెకి కృతజ్ఞతలని రాసుంది.

బొమ్మలు గీసిపెట్టినందుకు! ఆ పిల్ల తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళింది. ఈసారి తలుపు దగ్గర ఆగలేదు.

"అది నాది సార్."

మాస్టారు రాస్తున్న కాగితం మీంచి తలెత్తలేదు. "ఏది నీది? పుస్తకం నాది. ఫలితం నాది. నీకు సమస్య ఇచ్చింది నేను. నా ఇంటి గోడకి బీట ఉందని చూపిస్తే ఇల్లు నీ పేర రాసేస్తారా?"

"బీట కాదు సార్. అక్కడ ఇల్లే లేదని చూపించాను."

అప్పుడు తలెత్తాడు. "నీ డిగ్రీ కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలో మర్చిపోయినట్టున్నావు" అన్నాడు, మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆమె బయటికొచ్చేసింది. ఇంటికెళ్ళి వదిన ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది. "ఏడిస్తే ఏడు, శుక్రవారం మాత్రం వెళ్ళు. నీ సొత్తు ఇంకొకడు ఎత్తుకుపోతుంటే ఇంట్లో కూర్చుంటావా?" అంది వదిన.

శుక్రవారం గది నిండిపోయింది. మాస్టారు మంచి ఊపుమీదున్నాడు. తన తప్పు తానే దిద్దుకునే ధైర్యం ఎంతమందికుంటుందని మొదలుపెట్టాడు. రెండు వలలూ బోర్డు మీద గీశాడు. అవి ఆమె గీసినవే, గీత గీతా అదే. "ఇక ఈ రెండూ వేరని చూపడం సులభం" అన్నాడు. తలలు ఊగాయి.

"ఎలా సార్?"

గది ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. అమ్మాయి లేచి నిలబడి ఉంది.

మాస్టారు నవ్వాడు. "చరిత్ర శాఖ దారి చెప్పాలా అమ్మా?"

ఒకళ్ళిద్దరు నవ్వారు. ఆమె కూర్చోలేదు. "నాకు అర్థం కాలేదు సార్. ఒక్కసారి చేసి చూపించండి."

ఆయన బోర్డు వైపు తిరిగాడు. ఒక గీత గీశాడు, చెరిపాడు. చుక్కలు లెక్కపెట్టాడు, రెండు వైపులా సమానంగానే వచ్చాయి. గీతలు లెక్కపెట్టాడు, అవీ సమానమే. ఇంకేదో రాయబోయి ఆగాడు. ఆయన వీపు మీద చొక్కా చెమటకి అంటుకుంది. ఆ కాగితాలు తీసుకున్నాక ఇన్ని వారాల్లో ఆ వాక్యం దగ్గర ఒక్కసారి కూడా ఆగి చూసుకోలేదని గదిలో గుడ్డివాడికి కూడా తెలిసిపోయింది. చివరికి ఇటు తిరిగి సుద్దముక్క చాపాడు, గొంతులో ఎక్కడలేని తేనె పోసుకుని. "రామ్మా. నువ్వే చేసి చూపించు. మన అమ్మాయికి తెలుసు."

ఆమెకి తెలుసు. ఆ సుద్దముక్క అందుకుంటే అయిదు నిమిషాల్లో గదంతా నోరెళ్ళబెట్టేది. అందుకుంటే సార్ శిష్యురాలు సార్ సిద్ధాంతాన్ని పూర్తిచేసిందని సోమవారానికల్లా కథ అల్లుతారనీ తెలుసు.

"నాకు రాదు సార్. నేను బొమ్మలే గీశాను కదా. వ్యాసం మీది, మీరే చెయ్యండి."

అప్పుడు ముందు వరసలోంచి రీడర్ గారు గొంతు సవరించుకున్నాడు. "సార్, నాకు కూడా... అది ఎలాగో తెలియలేదు." వెనక ఎవరో "నాకూ తెలియలేదు" అన్నారు. ఇంకొకరు, మరొకరు. ఇన్నేళ్ళు ఊపిన తలలన్నీ ఒక్క పూటలో కదలకుండా నిలబడ్డాయి. మాస్టారు సుద్దముక్క బల్ల మీద విసిరికొట్టాడు. "ఈ రోజుకి చాలు" అని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ ఆమె పక్కన ఒక్క క్షణం ఆగి, ఆమెకి మాత్రమే వినబడేలా, "నువ్వు నా చేతుల మీదుగా గట్టెక్కవు" అన్నాడు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. సంతకం పెట్టలేదు. వేరే గైడ్ ఎవరూ ముందుకు రాలేదు. ఆ రోజు నాకు కూడా తెలియలేదన్న రీడర్ గారు కూడా "నాకు సంసారముందమ్మా" అని చేతులు దులుపుకున్నాడు. కొట్టేసిన పేజీలన్నీ మళ్ళీ చేర్చి, తన పేరొక్కటే పెట్టి, ఆమె ఆ వ్యాసాన్ని ఒక చిన్న పత్రికలో వేయించుకుంది. డిగ్రీ లేకుండానే ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకునే పనిలో చేరింది. మాస్టారు ఇంకో అయిదారు పుస్తకాలు రాశాడు.

ఆ కాలేజీలోనూ చదివించేది ఆయన పదో పుస్తకమే. ఒక ఏడు దానికి కొత్త ముద్రణ వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో కట్ట విప్పగానే ఆమె ఆ పేజీ వెతికింది. పాత ఫలితం తీసేశారు. ఆ స్థానంలో ఆమె రెండు వలలూ అచ్చయి ఉన్నాయి. కింద ఒక్క వాక్యం: "వరస మారితే వల మారవచ్చునన్నది అందరికీ తెలిసిన విషయమే." ఆమె పేరు ఎక్కడా లేదు. ఈసారి ఆయన పేరూ పెట్టుకోలేదు, ఎవరికీ దక్కకుండా చేశాడు. ఆమె ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివి, చచ్చినా ఈయన్ని క్షమించను అనుకుంది. క్షమించలేదు కూడా. ఆయన పోయినప్పుడు శాఖవాళ్ళు కబురు పంపితే, క్లాసుందని చెప్పి వెళ్ళలేదు.

ఆ క్లాసులో ఆ పేజీయే నడుస్తోంది. చివరి బెంచీలో ఒకమ్మాయి లేచింది.

"మేడమ్, ఇది అందరికీ తెలుసని రాశారు. మాకు తెలీదే! ఎలా వచ్చిందిది?"

ఆమె బోర్డంతా తుడిచేసి, మొదటి చుక్క దగ్గర్నించి మొదలుపెట్టింది. ఒక్క మెట్టు వదల్లేదు. గంట మోగినా ఎవరూ లేవలేదు. రెండు బోర్డులు నిండిపోయాక, ఆ అమ్మాయే మళ్ళీ అడిగింది.

"ఎవరు కనిపెట్టారు మేడమ్ ఇది?"

"నేను" అంది ఆమె. "రాసుకోండి."